నెలవు దప్పిన పండితులు

గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో చరిత్రపాఠము చెప్పుచుండగా నొక బాలుడు లేచి, “సార్, పెద్ద చదువులు చదివినవారు గూడ ఊరు విడిచి పారిపోవుదురా?” అని యడిగెను. వాని తలిదండ్రులు ఛత్తీసుగఢ్ అడవులనుండి వచ్చి మన గోదావరి ప్రాంతమున గుడిసె వేసికొన్నవారు. పారిపోవుట బీదలకే కలుగు కష్టమని వాడు తలంచియుండెను. నేనప్పుడు “ఔను, వారును పారిపోవుదురు” అని మాత్రము చెప్పి పాఠము ముగించితిని. ఆ బాలునకు నేను పూర్తి ప్రత్యుత్తరము బాకీ పడియున్నాను. ఈ సంచికలో దానిని తీర్చుకొనుచున్నాను.

1933వ సంవత్సరము ఏప్రిలు నెలలో జర్మనీదేశమున హిట్లరు ప్రభుత్వము ఒక శాసనము చేసి, యూదులైన యుద్యోగులను, తనకు గిట్టని యభిప్రాయములు గలవారిని కొలువులనుండి తొలగించెను. అచ్చటి విశ్వవిద్యాలయముల యాచార్యులు ప్రభుత్వోద్యోగులే గనుక, నిన్న పాఠము చెప్పినవారు నేడు వీధిని బడిరి. ఆ సంవత్సరముననే లండను నగరమున విలియం బెవరిడ్జిగారి పూనికతో నొక సహాయక సంఘము ఏర్పడెను. సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు రూథర్‌ఫర్డుగారు దానికి ప్రథమాధ్యక్షులు. న్యూయార్కునందును అట్టి సంఘమే పుట్టెను.

వీరి పద్ధతి యెట్టిదనగా: సంఘము కొంత ధనమును సమకూర్చును. విశ్వవిద్యాలయ మొకటి ఆ పండితునకు చోటును, గ్రంథాలయమును, పని చేసికొను స్వేచ్ఛను ఇచ్చును. ఒకటి రెండు సంవత్సరములలో నతడు స్థిరపడవచ్చును. ఇట్టి ధనమునే ఫెలోషిప్పు, అనగా పరిశోధన వేతనము, అందురు. ఇది భిక్ష కాదు. చేయబోవు పనికి ఇచ్చు వేతనము. అయితే న్యూయార్కు సంఘమును ఆశ్రయించినవారు వేలకొలదిగా నుండగా, సాయము పొందినవారు 300 మందికి కొంచెము మించిరి. తలుపు తట్టి తిరిగిపోయినవారిలో కొందరు నిర్బంధ శిబిరములలో నశించిరి.

పండితులలో మనుష్యుల హక్కులనుగూర్చి పరిశోధించువారికి అపాయము మెండు. నక్షత్రములను లెక్కించువానిపై రాజునకు కోపము రాదు. చెరసాలలోని వారిని లెక్కించువానిపై వచ్చును. ఇందుకు రాఫెల్ లెమ్కిన్ అను న్యాయవాది చరిత్రము దృష్టాంతము. 1939లో జర్మనీ సేనలు పోలెండుపై బడగా ఆయన స్వదేశము విడిచి స్వీడనునకు, అటనుండి 1941లో అమెరికాకు పోయెను. అచ్చట డ్యూక్ విశ్వవిద్యాలయము ఆయనకు స్థానమిచ్చెను. స్వీడనులో తాను పోగుచేసిన జర్మను శాసనపత్రములను పరిశీలించి 1944లో నొక గ్రంథము ప్రకటించెను. ఒక జాతినే తుడిచిపెట్టు నేరమునకు “జెనోసైడు” అను పేరును ఆ గ్రంథమే లోకమున కిచ్చెను. ఇంటివద్ద మిగిలిన తలిదండ్రులను ఆ నేరమే మ్రింగెను. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆ నేరమునకు విరుద్ధముగా నొక ఒడంబడికను అంగీకరించెను. మరునాడే విశ్వ మానవహక్కుల ప్రకటన వెలువడెను. హింసకు వెరచి పరదేశమున ఆశ్రయము గోరుట మనుష్యుని హక్కని దాని 14వ అధికరణము చెప్పుచున్నది.

ఇవి దూరదేశపు కథలని చదువరులు తలంపవలదు. భద్రాచలమునకు దిగువను గోదావరి పాపికొండల నడుమ దూరు తావునకే ఇట్టి పండితు డొకడు వచ్చెను. ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్. 1909లో వియన్నా నగరమున జన్మించెను. 1935లో రాక్‌ఫెల్లరు సంస్థవారి పరిశోధన వేతనముతో లండనులో మానవశాస్త్రము నభ్యసించి, పిమ్మట నాగాజాతుల నడుమ పని చేసెను. 1938లో జర్మనీ ఆస్ట్రియాను తనలో గలుపుకొనుటచే ఆయన స్వదేశము పటమునుండియే మాయమై, చేతిలోని పాస్‌పోర్టు జర్మనీదాయెను. 1939లో యుద్ధము వచ్చినపుడు ఆయన హైదరాబాదున నుండెను. బ్రిటిషువారి లెక్కలో శత్రుదేశీయుడు గనుక సంస్థానపు ఎల్లలు దాటరాదని కట్టడి చేసిరి. అయినను ఆ ఎల్లలలోపల తిరిగి పరిశోధన చేయుటకు అనుమతి దొరకెను. ఆంగ్లేయురాలగు ఆయన భార్య బెట్టీ ప్రతి మజిలీలోను తోడుండెను. హైమండార్ఫును ఎవరును కొలువునుండి వెడలగొట్టలేదు. ఆయన పొందినది పేరునకు ఫెలోషిప్పును కాదు. కాని దేశము గోల్పోయినవానికి చోటును, పనియు దొరకుట రెండింటను సమానమే.

ఆయన 1940లో నల్లమల చెంచులను చూచి, 1941లో కొండరెడ్ల యొద్దకు వచ్చెను. అప్పుడు నదికి ఈవలి పాల్వంచ సీమ నిజాము సంస్థానమునందలి వరంగల్లు జిల్లాలోను, ఆవలి భద్రాచలము మద్రాసు రాజధానిలోను ఉండెను. కొండరెడ్లు పోడు నరికి, చివ్వ కర్రతో గుంటలు చేసి విత్తనము వేయుదురు. జీలుగు కల్లు వారి పానీయము. గింజలు చాలని దినములలో మామిడిటెంకలలోని జీడిని దంచి యంబలి కాచుకొందురు. ఈ యాచారములను వ్రాసికొని తృప్తినొందినచో ఆయన వట్టి వింతలు సేకరించువాడుగా మిగిలియుండును. ఆయన అంతటితో నాగలేదు. కొండమీది వెదురును నరికి నదికి జేర్చు రెడ్డికి కూలి యేపాటి దొరకుచున్నది, కలపవర్తకుని యప్పు తరతరములకు నెట్లు తెగకున్నది, వెట్టిచాకిరి యెవరు చేయించుచున్నారు అనునవి గూడ విచారించి వ్రాసెను. కొండరెడ్లనుగూర్చిన ఆయన గ్రంథము 1945లో వెలువడెను. చెంచులు, రెడ్లు, గోండులు మొదలగువారినిగూర్చి ఆయన వ్రాసిన నాలుగు నివేదికలను “ట్రైబల్ హైదరాబాద్” అను పేర ఆ యేటనే ప్రభుత్వమువారు అచ్చు వేయించిరి.

1940లో జోడేఘాట్‌వద్ద కొమరం భీము హతుడైన పిమ్మట గోండుల యశాంతికి కారణమేమో తెలిసికొనవలసిన యవసరము నిజాము ప్రభుత్వమునకు గలిగెను. ఆ పనియు హైమండార్ఫుకే యప్పగించిరి. ఆయన సలహాపై 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభమాయెను. గోండిభాషలోనే వాచకములు తయారాయెను. తల్లిభాషలో ఆరంభించిన పిల్లవాడు అక్షరమును చూచి బెదరడని శిక్షణ కళాశాలలో మేము పుస్తకముల మూలమున నేర్చికొంటిమి. మార్లవాయిలో దానిని అప్పుడే చేసి చూపిరి. ఆ దశాబ్దిలో లక్ష యెకరములకు మించిన భూమికి ఆదివాసులు పట్టాలు పొందిరి. ఇదంతయు ఆయనొక్కని పని యనుట సరికాదు. ప్రాణమిచ్చినవారు గోండులు, ఆ దుఃఖమునకు కారణములను సర్కారు చదువు భాషలో వ్రాసి పెట్టినవాడు ఆయన.

ఇందలి కొరతయు జెప్పవలెను. ఆయనను పోషించిన ప్రభుత్వమే ఆ యన్యాయములు జరుగనిచ్చినది. దాని చిన్న యుద్యోగుల దోపిడిని ఆయన వ్రాసినను, అన్నము పెట్టిన చేతిని ఎంతవరకు ప్రశ్నింపగలిగెనో చదువరులే యూహింపవచ్చును. ఆదివాసుల భూమిని ఇతరులు కొనరాదను నియమము 1959లో శాసనమై, 1963లో తెలంగాణమునకు వర్తించి, 1970లో మరింత కఠినమాయెను. అయినను 1982లో ప్రకటించిన గ్రంథమున, గోండుల భూములు మరల పరుల పాలగుచున్న తీరును ఆయనయే వివరింపవలసి వచ్చెను. కొండరెడ్లకును శాంతి లేదు. పోలవరము జలాశయము కొరకు 2014లో ఖమ్మము జిల్లానుండి ఏడు మండలముల గ్రామములను ఆంధ్రప్రదేశమున జేర్చిరి. ఆయన తిరిగిన నదీతీరపు పల్లెలలో కొన్ని ముంపు గ్రామములు. నెలవు దప్పినవాడు ఎవరిని గూర్చి వ్రాసెనో వారును నేడు నెలవు దప్పుచున్నారు.

నేడు ఇట్టి పరిశోధన వేతనము లిచ్చు సంస్థలు పెక్కులు గలవు. 1933నాటి లండను సంఘము “కారా” యను పేర నిప్పటికిని పని చేయుచున్నది. అమెరికాలో “స్కాలర్సు ఎట్ రిస్కు” 1999లోను, “స్కాలరు రెస్క్యూ ఫండు” 2002లోను పుట్టినవి. జర్మనీదేశము తాను వెడలగొట్టిన వైద్యాచార్యుడగు ఫిలిప్ ష్వార్ట్జు పేరనే 2015లో నొక పథకము నెలకొల్పినది. ఇది చేసిన తప్పును తెలిసికొన్న దేశము చేయదగిన పని. ఇంగ్లండునందలి యార్కు విశ్వవిద్యాలయము హక్కులకై పోరాడువారికి 2008నుండి ఆశ్రయ మిచ్చుచున్నది. అయితే వేతన మొక్కటియే చాలదు. భార్యాబిడ్డలు వెంట రావలెను. క్రొత్త భాష పట్టుబడవలెను. ఇంటివద్ద మిగిలిన బంధువుల భయము నోర్వవలెను. రెండేండ్లు గడచిన పిమ్మట ఏమి యను ప్రశ్నకు పలువురకు ప్రత్యుత్తరము దొరకదు.

ఇక ఆ బాలుని సంగతి. 2005 తరువాత ఛత్తీసుగఢ్ ఘర్షణలవలన వేలకొలది ఆదివాసులు ఎల్ల దాటి మన ప్రాంతపు అడవులకు వచ్చిరి. వారిని మనవారు గుత్తికోయలందురు. మా తరగతికి రాకమునుపు ఈ బాలుడు వేరొక పాఠశాలకు పోగా, బదిలీ పత్రము లేదని త్రిప్పి పంపిరట. పండితునకు పాస్‌పోర్టు లేకపోవుట యెట్టిదో, ఈ బిడ్డకు ఆ కాగితము లేకపోవుటయు నట్టిదే. బదిలీ పత్రము లేదని గాని, వయస్సు ధ్రువపత్రము లేదని గాని బిడ్డను చేర్చుకొనక మానరాదని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము స్పష్టముగా జెప్పుచున్నది. సహోపాధ్యాయులు దీనిని మరువవలదు. తలిదండ్రులారా, మీ పొరుగున అట్టి బిడ్డ యున్నచో చేయి పట్టుకొని బడికి దోడ్కొని రండు.

నాయనా, నీ ప్రశ్నకు ఇదే నా ప్రత్యుత్తరము. చదివినవారును పారిపోవుదురు. ఎవరో యొకరు తలుపు తెరచినచో, ఆ యింట నోరు లేనివారికి వారు నోరగుదురు. హైమండార్ఫు మన కొండలను పరదేశపు కన్నులతో చూచి వ్రాసెను. నీ తాతయవ్వల పల్లె పేరు, వారి భాష, వారు విడిచివచ్చిన త్రోవ నీకే తెలియును. వానిని నోటుపుస్తకమున వ్రాసి యుంచుము. ఈ తరగతిలో నీ చోటు నీదే.