పక్షులను లెక్కపెట్టే గొట్టం

పులికాట్ దగ్గరి నేలపట్టు చెరువు గట్టున నిలబడి, కనిపించిన పక్షులను 'పక్షులు' అనే ఫైలులో వరుసకొక పేరుగా రాశారనుకోండి: గూడబాతు, నీటికాకి, గూడబాతు, గూడబాతు, నీటికాకి. ఏది ఎన్నిసార్లు వచ్చింది? యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో ఒక్క ఆజ్ఞ చాలు (ఆజ్ఞల పేర్లు టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే):

సార్ట్ పక్షులు | యూనిక్ -సి

గూడబాతు 3, నీటికాకి 2 అని లెక్క వస్తుంది. మధ్యనున్న నిలువుగీత పేరు 'పైప్'. మొదటి ఆజ్ఞ ఫలితాన్ని, గొట్టంలో నీటిలా, రెండోదానికి అందిస్తుంది. డగ్లస్ మెకిల్రాయ్ సూచించగా కెన్ థాంప్సన్ 1973లో దీన్ని యూనిక్స్‌లో చేర్చాడు.

మరి సార్ట్ ఎందుకు? యూనిక్ పక్కపక్కనున్న ఒకేరకం వరుసలనే కలిపి లెక్కిస్తుంది. సార్ట్ మరిచారా, గూడబాతు ఒకచోట 1, మరోచోట 2 అని వస్తుంది. తప్పని కంప్యూటర్ చెప్పదు. ఒకసారి 'గూడ బాతు' అని విడగొట్టి రాసినా అంతే, అది వేరే పక్షి అయిపోతుంది!