తొలివాన తెచ్చు మురికి

మేఘము విడిచిన నీరు చాలవరకు శుద్ధమైనదే. పట్టణమును దాటి చెరువు చేరునప్పటికి అది మలినమగును. ఏలన, మట్టినేలపై పడిన వాన కొంత ఇంకును. సిమెంటుపై, తారురోడ్లపై పడినది ఇంకదు. వేసవియంతయు అచ్చట పేరుకొనిన దుమ్ము, పేడ, చమురు, చెత్తలను తొలివాన ఒక్కుమ్మడిగా ఊడ్చుకొనిపోవును. హైదరాబాదులో కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఇట్టి నీటిని హుస్సేన్‌సాగరునకు చేర్చుచున్నవి.

25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువే కరగియుండగలదు. మలినములను కుళ్లించు సూక్ష్మజీవులు దీనిని వాడుకొనును. అది మిక్కిలి తగ్గినచో చేపలు ఊపిరాడక చచ్చును.

కావున వీధులు ఊడ్చుట, కాలువల పూడిక తీయుట తొలకరికి ముందే జరుగవలెను. వాన వెలిసిన పిమ్మట చెరువును కడుగుట ఎవరి తరమును కాదు.