300 కిలోల చేప చెప్పని లెక్క

2005లో ఉత్తర థాయిలాండ్‌లో మీకాంగ్ నది జాలర్ల వలలో 293 కిలోల జెల్ల పడింది. పొడవు 2.7 మీటర్లు. వదిలేద్దామనుకున్నారు గానీ అది బతకలేదు, ఊళ్లో కూరైపోయింది. మంచినీటి చేపల్లో ఇంతకన్నా పెద్దది ఉందా అని వెతకడం మొదలుపెట్టిన నెవాడా విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త జెబ్ హోగన్‌కు జవాబు 17 ఏళ్లకు దొరికింది.

2022 జూన్. అదే నదిలో, కంబోడియాలోని స్టంగ్ ట్రెంగ్ దగ్గర ఓ టేకు చేప గాలానికి చిక్కింది. ఒడ్డుకు లాగడానికి దాదాపు డజను మంది కావలసి వచ్చింది. మూతి నుంచి తోక కొస దాకా 3.98 మీటర్లు, అడ్డం 2.2 మీటర్లు, బరువు 300 కిలోలు. జాలరి కబురు చెబితే పరిశోధకులు వచ్చి, అతనికి మార్కెట్ ధర కింద సుమారు 600 డాలర్లిచ్చి, శబ్ద సంకేతాలు పంపే ట్యాగు అమర్చి చేపను నీళ్లలో వదిలేశారు. ప్రపంచమంతా ఆ 7 కిలోల తేడా గురించే మాట్లాడింది. నాకైతే 600 డాలర్లే పెద్ద విషయం. కోసి అమ్మినా అంతే వస్తుందంటే, కబురు చెప్పిన జాలరికి నష్టం లేదు.

రికార్డు చూసి నది బాగుందనుకోకూడదు. హోగన్ కూడా పాలుపంచుకున్న 2019 అధ్యయనం 30 కిలోలకు పైబడి పెరిగే మంచినీటి జీవుల్ని లెక్కగట్టింది. 1970 నుంచి 2012 దాకా వాటి సంఖ్య సగటున 88 శాతం పడిపోయింది. ఒక్క చేపలనే తీసుకుంటే 94 శాతం. మన దేశమూ ఉన్న దక్షిణ, ఆగ్నేయాసియా మండలంలో ఈ భారీ జీవుల తరుగుదల ఏకంగా 99 శాతం!

పెద్ద చేపకు ఈడు రావడానికే ఏళ్లు పడుతుంది. గుడ్లు పెట్టకముందే వలలో పడితే ఆ వంశం అక్కడితో సరి. పైగా చాలావాటికి ఎదురీత తప్పదు, దారిలో ఆనకట్ట వస్తే ఆగిపోతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి పులసకు జరిగిందీ అదే.

అందుకే ఇప్పుడు తూకం కన్నా ట్యాగు ముఖ్యం. చేప ఎక్కడ ఆగుతోందో, ఎంత దూరం పోతోందో తెలిస్తేనే ఏ పాయను ముట్టుకోకూడదో చెప్పగలం. 2024 చివర్లో కంబోడియాలో కొద్ది రోజుల తేడాలో దొరికిన 6 భారీ జెల్లలకూ ట్యాగులు వేసి వదిలారు. మీకాంగ్ ప్రధాన ప్రవాహంపై పదేళ్లపాటు కొత్త ఆనకట్టలు కట్టబోమని ఆ దేశం 2020లో ప్రకటించింది. ఆ గడువు 2030తో తీరిపోతుంది. ట్యాగుల లెక్కలు ఆలోపే తేలాలి.