‘అండి’కి జర్మన్ మాట

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, పైథాన్ ఫ్లెక్సీల మధ్య ఇప్పుడు జర్మన్ ఏ1 బ్యాచ్‌ల ఫ్లెక్సీలూ వేలాడుతున్నాయి. 2014లో నేనూ ఆ సందుల్లోనే ఏ1 నేర్చుకుని చెమ్నిట్స్‌కు ఎమ్మెస్ చదవడానికి వెళ్ళాను. ఇప్పుడు పంజగుట్టలో మా ముందు గదిలో సాయంత్రాలు పిల్లలకు ఆ భాషే చెబుతున్నాను. “మేడమ్, ‘అండి’ని జర్మన్‌లో ఏమంటారు?” అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో ఏది ఎక్కినా ఆ ప్రశ్న వదలదు.

వెళ్ళిన కొత్తలో రొట్టెల కొట్టులో “ఇష్ విల్ త్స్వై బ్రోట్షెన్” అన్నాను. ‘నాకు రెండు బన్నులు కావాలి’ అని. వ్యాకరణంలో తప్పేమీ లేదు. అమ్మే ఆవిడ మొహం మాత్రం ముడుచుకుంది. గదికొచ్చి చాలాసేపు బాధపడ్డాను. మా పై అంతస్తు పెద్దావిడ విని, ఓపిగ్గా దిద్దింది: “ఇష్ హెట్టె గెర్న్ త్స్వై బ్రోట్షెన్, బిట్టె.” ‘విల్’లో పట్టుదల వినిపిస్తుందట. ‘హెట్టె’ అంటే ‘ఉంటే బాగుండును’ లాంటిది. మంచినీళ్ళు అడగాలంటే మనం “కాసిని ఇస్తారా?” అని ప్రశ్న చేస్తాం. వాళ్ళు క్రియనే ఊహలోకి జరుపుతారు. మర్యాద రెండు భాషల్లోనూ క్రియను పట్టుకునే ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది.

నువ్వు, మీరు తేడా మనకు కొత్త కాదు: ‘డూ’, ‘జీ’. ఈ ‘జీ’కి అసలు అర్థం ‘వాళ్ళు’. మర్యాదకు వాడినప్పుడు మొదటి అక్షరాన్ని పెద్దబడిలో రాస్తారు. తోటి విద్యార్థులతో మొదటి రోజు నుంచే ‘డూ’. పెద్దవాళ్ళతో అలా కుదరదు, ‘డూ అనుకుందామా’ అని వాళ్ళే ముందు అడగాలి. ప్రొఫెసర్‌కు మెయిల్ రాస్తే ‘జేర్ గెయేర్టె ఫ్రావ్’ అని, పక్కన ఇంటిపేరు. ‘మిక్కిలి గౌరవనీయురాలైన’ అన్నమాట. మా తాతగారి ఉత్తరాల్లో ఉండే ‘మహారాజరాజశ్రీ’ గుర్తొచ్చేది.

పిల్లలకు మింగుడుపడనిది ఇంకొకటుంది. ఎదురుగా లేని మనిషికి జర్మన్‌లో బహువచనం ఇవ్వరు. ‘దేర్ ప్రొఫెసర్ కొమ్ట్’ అంటే అక్షరాలా ‘ప్రొఫెసర్ వస్తున్నాడు’. మొన్న ఒకమ్మాయి ‘కొమ్మెన్’ అనే రాసింది, మాస్టారిని ‘వాడు’ అనలేక. మార్కు తీసేశాను గానీ ఆ తప్పు మీద నాకు ప్రేమే.

క్లాసయ్యాక మెట్రో వైపు బయల్దేరుతూ “వెళ్ళొస్తాం మేడమ్” అంటారు. జర్మన్‌లో చెప్పమంటాను. “ఆవ్ఫ్ వీడర్‌జేయెన్,” మళ్ళీ చూసుకునేదాకా. ఫోన్లో అయితే “ఆవ్ఫ్ వీడర్‌హ్యోరెన్,” మళ్ళీ వినేదాకా. పోయిన నెల ఒకబ్బాయి లైప్‌జిగ్ నుంచి ఫోన్ చేసి, పెట్టేసే ముందు రెండోది సరిగ్గా పలికాడు. వెంటనే, “వెళ్ళొస్తానండీ” అన్నాడు.