ఈ బిళ్ళ ఏ దేశానిది?

తాతగారి ట్రంకు పెట్టెలోనో, అటక మీది బిస్కెట్ డబ్బాలోనో గుప్పెళ్ళకొద్దీ పాత తపాలా బిళ్ళలు బయటపడితే ఎవరైనా మొదట అడిగేది ‘వీటికెంత వస్తుంది?’ అనే. అడగడంలో తప్పేమీ లేదు. కానీ వరసలో అది మూడో ప్రశ్న. ఇది ఏ దేశానిది, ఆ దేశం వేసినవాటిలో ఇది సరిగ్గా ఏది అనేవి దానికి ముందున్న రెండు. అవి తేల్చకుండా ఫోనులో అలాంటి బొమ్మే వెతికి, ఎవరో చెప్పిన లక్షల ధర చూసి సంబరపడినవాళ్ళు వారం తిరక్కుండానే నీరసపడి డబ్బాను మళ్ళీ అటకెక్కిస్తారు. గుర్తుపట్టడం నేర్చుకున్నవాళ్ళకు మాత్రం అదే డబ్బాలోంచి ఏళ్ళ తరబడి కొత్త సంగతులు వస్తూనే ఉంటాయి.

పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మొన చదునుగా ఉండే స్టాంపు ట్వీజర్లు, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, రంధ్రాలు కొలిచే గేజి, ఓ ముప్పై ఖాళీ కవర్లు చాలు. వీటిలో ట్వీజర్లు తప్పనిసరి. వేళ్ళకుండే చెమట, జిడ్డు కాగితానికి అంటి, కొన్నాళ్ళకు మచ్చలుగా తేలతాయి.

రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాలు వేరుచేసేవాళ్ళు ఒకేసారి వీధి పేరు దాకా వెళ్ళరు. ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, ఆ తర్వాతే ఊరు. స్టాంపులకూ అదే పద్ధతి. మొదటి విడతలో ఇండియా, బ్రిటన్ దాని పాత వలసలు, మిగతా ఐరోపా, అమెరికా ఖండాలు, ఆసియా ఆఫ్రికాలు అని పెద్ద కుప్పలు పోసుకోవాలి. ‘తెలియదు’ అనే కుప్ప కూడా ఒకటి ఉండాలి, దాని విషయంలో మొహమాటపడకూడదు. ఒక్క బిళ్ళ దగ్గర గంటసేపు ఆగిపోతే మిగతావి కదలవు. రెండో విడతలో ఒక్కో కుప్పను దేశాలుగా, మూడో విడతలో దేశాన్ని సంవత్సరాలుగా విడదీయొచ్చు.

కవరు ముక్కకు అతుక్కుని ఉన్నవాటిని మామూలు చల్లని నీళ్ళలో పావుగంట, ఇరవై నిమిషాలు నాననిస్తే వాటంతట అవే విడివడతాయి. బొమ్మ వైపు కిందికి పెట్టి తెల్లకాగితం మీద ఆరబెట్టాలి. న్యూస్‌పేపరు పనికిరాదు, సిరా అంటుతుంది. ఎరుపు, నీలం కవరు ముక్కలను విడిగా నానబెట్టాలి. వెనక జిగురు చెక్కుచెదరని వాడని బిళ్ళలను నీళ్ళలో వేయకూడదు. 1880ల నాటి బ్రిటిష్ ఊదా, ఆకుపచ్చ బిళ్ళలను కూడా వేయకూడదు, తడి తగిలితే రంగు దిగిపోతుంది. ఈ కాలపు స్టిక్కర్ రకాలు చాలావరకు నీళ్ళకు లొంగవు. వాటిని చుట్టూ కొంచెం అంచు వదిలి కాగితంతోనే కత్తిరించి ఉంచుకోవడం మేలు.

ఇక దేశం. పేరు స్పష్టంగా ఇంగ్లీషులో ఉంటే సరే, కానీ చాలా దేశాలు తమ పేరును తమ భాషలోనే రాసుకుంటాయి. ‘హెల్వేషియా’ అంటే స్విట్జర్లాండ్. ‘మజ్యార్’ హంగరీ, ‘సువొమి’ ఫిన్లాండ్, ‘స్వెరియే’ స్వీడన్, ‘నోర్గె’ నార్వే, ‘హ్ర్వాత్స్కా’ క్రొయేషియా. సి.సి.సి.పి. అని ఇంగ్లీషు అక్షరాల్లా కనబడేవి నిజానికి రష్యన్ లిపిలో ఎస్.ఎస్.ఎస్.ఆర్., అంటే సోవియట్ యూనియన్. జర్మనీ కోసం వెతికేవాళ్ళు ఒకే శీర్షిక కింద వెతికితే దారి తప్పుతారు. ‘డాయిచెస్ రైఖ్’ రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఉన్న జర్మనీ, ‘డాయిచె బుండెస్‌పోస్ట్’ పశ్చిమ జర్మనీ, ‘డి.డి.ఆర్.’ తూర్పు జర్మనీ. ‘బెర్లిన్’ అనే మాట చేరితే పశ్చిమ బెర్లిన్‌ది, దాన్ని మళ్ళీ వేరుగా పెట్టాలి.

పేరే లేదంటే, పైగా రాజుదో రాణిదో తల ఉందంటే, ముందు బ్రిటన్‌ను అనుమానించండి. తపాలా బిళ్ళను అందరికంటే ముందు వేసింది తానే కనుక, 1840 మే 6న పెన్నీ బ్లాక్ చెలామణిలోకి వచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా బ్రిటన్ తన బిళ్ళ మీద దేశం పేరు వేయలేదు. పాలకుడి తలే ఆనవాలు. మనకు చదవరాని లిపి ఉంటే బొమ్మలో గుర్తు వెతకాలి. పదహారు రేకుల చామంతి పువ్వు కనబడితే యుద్ధానికి ముందటి జపాన్. 1966 నుంచి ఆ దేశం ‘నిప్పన్’ అని రోమన్ అక్షరాల్లో కూడా వేస్తోంది. ఖడ్గం పట్టిన సింహం, దాని వెనక సూర్యుడు ఉంటే ఇరాన్. అడ్డంగా పెట్టిన రెండు కత్తుల పైన ఖర్జూర చెట్టు సౌదీ అరేబియా. రెండు కుక్రీలు ఒకదాన్నొకటి దాటుతుంటే నేపాల్.

కొన్ని దేశాలు ఈనాటి పటంలో దొరకవు. డాన్జిగ్ 1920లో మొదలై 1939తో ముగిసింది. మంచుకువో 1932 నుంచి 1945 దాకా. మనవైపు తిరువాన్కూరుకు శంఖం గుర్తుతో సొంత ‘అంచల్’ తపాలా 1949 దాకా నడిచింది. ఆ ఏడాదే కొచ్చితో కలిసి తిరువాన్కూరు–కొచ్చి అయింది. ఇలాంటివాటిని ఇప్పటి దేశం కింద ఇరికించవద్దు. ఆనాటి పేరుతోనే ఒక పేజీ ఇవ్వండి.

మన ఇళ్ళలో ఎక్కువగా తారుమారయ్యేది హైదరాబాద్. నిజాం రాజ్యం 1869 నుంచి సొంత స్టాంపులు వేసింది. వాటిలో చాలావాటి మీద ఉర్దూ అక్షరాలు కొట్టొచ్చినట్టు కనబడతాయి కనుక ఏ అరబ్బు దేశానివో అనుకుని పక్కన పడేస్తుంటారు. భూతద్దం పెట్టి చూడండి. 1871లో మొదలైన వరసలో ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలతో పాటు మన తెలుగు అక్షరాలూ ఉన్నాయి. 1931 వరస ఇంకా అందమైనది. ఒక అణా మీద చార్మినార్, రెండు అణాల మీద హైకోర్టు, నాలుగు అణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిది అణాల మీద అజంతా గుహల ద్వారం. నా మటుకు నాకు, తెలుగువాళ్ళెవరైనా ప్రపంచ స్టాంపుల సేకరణకు ఒక పేజీతో శ్రీకారం చుట్టాలంటే అది ఈ పేజీయే కావాలి.

దేశం తేలిందనుకున్నాక మోసపుచ్చేవి పైముద్రలు. ఐదో జార్జి, ఆరో జార్జి బొమ్మలున్న ఇండియా స్టాంపులనే తీసుకోండి. అదే బిళ్ళ మీద నల్లసిరాతో పాటియాలా, గ్వాలియర్, జింద్, నాభా, చంబా అని అచ్చేసి ఆయా సంస్థానాల్లో వాడారు. ఇండియా నుంచి విడిపోయిన 1937లో బర్మా తన పేరు అచ్చేసుకుంది. బహ్రెయిన్, కువైట్ కూడా చాలాకాలం ఇవే వాడాయి. 1947 అక్టోబరు నుంచి పాకిస్తాన్ కొత్త బొమ్మలు సిద్ధమయ్యేదాకా ఆరో జార్జి ముఖం మీదే తన పేరు వేసుకుంది. రాజు ముఖం చూసి అన్నీ ఒకే గుట్టలో వేస్తే ఇన్ని దేశాలు, ఇన్ని సంస్థానాలు ఒక్క ఇండియా కిందే కలిసిపోతాయి. ‘సర్వీస్’ అని ఉంటే ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకు వాడింది. పైముద్రలు సులభంగా దొంగచాటున వేయగలిగినవి కూడా. ఖరీదైన పైముద్ర దొరికిందనిపిస్తే తెలిసినవాళ్ళకు చూపించకుండా నమ్మవద్దు.

బొమ్మ, విలువ, రంగు అన్నీ ఒకటే అయినా రెండు బిళ్ళలు వేర్వేరు రకాలు కావచ్చు. నయాపైసలు వచ్చిన 1957లో మన దేశం భారతదేశ పటంతో ఒక వరస వేసింది. మొదట వాడిన కాగితంలో నీటిగుర్తు (వాటర్‌మార్క్) నక్షత్రాలు. 1958 నుంచి అదే బొమ్మను అశోక స్తంభ శిఖరం నీటిగుర్తున్న కాగితం మీద వేశారు. ముందు నుంచి చూస్తే తేడా తెలియదు. వెనక్కి తిప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఒక్కోసారి కనబడుతుంది. కనబడకపోతే నల్లటి పళ్ళెంలో బోర్లా పెట్టి ఒక చుక్క లైటర్ పెట్రోలు వేస్తారు. నీటిగుర్తు నల్లగా తేలి, క్షణాల్లో ఆరిపోతుంది. ఈ పని పొయ్యి దగ్గర గానీ దీపం దగ్గర గానీ చేయకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి. కొన్ని ఫొటోగ్రావ్యూర్ అచ్చు రంగులు పెట్రోలుకు పాడవుతాయి కనుక ముందు చిరిగిన బిళ్ళ మీద చూసుకోవాలి.

ఇక బిళ్ళ అంచు రంధ్రాల లెక్కకు ఒకే నియమం: రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయన్నదే సంఖ్య. అడ్డం వైపు లెక్క ముందు, నిలువు వైపుది తర్వాత చెబుతారు. 15 x 14 అంటే అడ్డంగా 15, నిలువుగా 14. ఇది ఎంత ముఖ్యమో అమెరికా చూపిస్తుంది. 1908 నుంచి 1922 దాకా అక్కడ వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ తలలతో వేసిన మామూలు వాడకపు బిళ్ళలు చూపుకు ఒక్కటే. రంధ్రాలు 12, 10, 11, కొన్నిటికి ఎనిమిదిన్నర. నీటిగుర్తు రెండు రకాలు, ఏ గుర్తూ లేనివి కొన్ని. చదును పలక మీద అచ్చయినవీ, తిరిగే యంత్రం మీద అచ్చయినవీ వేరు. తిరిగే యంత్రానివి ఒకవైపు వెంట్రుకవాసి పొడవు. వీటన్నిటి కలయికతో రకాలు వందల్లో ఉన్నాయి. కొన్ని రూపాయిల్లో దొరుకుతాయి, కొన్నిటికి వేల డాలర్లు పెట్టాలి. కనుకనే వాటికి నకిలీలూ ఎక్కువ.

ధర గురించి ఇక్కడే ఒక మాట. స్టాంపుల కేటలాగులో కనిపించే కనీస ధర ఆ బిళ్ళ విలువ కాదు, దుకాణదారు దాన్ని వెతికి, కవర్లో పెట్టి ఇచ్చే శ్రమకు ఖరీదు. ప్యాకెట్లలో వచ్చేవి దాదాపు అన్నీ ఆ వర్గమే. 1960ల చివర, 70ల మొదట్లో అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ ఖువైన్ లాంటి చిన్న ఎమిరేట్ల పేర్లతో అంతరిక్షం, చిత్రకళ, ఒలింపిక్స్ బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. ఉత్తరాలకు కాక సేకర్తలకు అమ్మడానికే వేసినవి అవి. బ్రిటన్‌కు చెందిన స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగు చాలావాటిని అనుబంధంలోకి నెట్టేసింది. వాటిలో ‘మనామా’ అని ఉంటే బహ్రెయిన్ రాజధాని అనుకోకండి, అది అజ్మాన్ కింది చిన్న ప్రాంతం. తపాలా ముద్ర ఒక మూల నీటుగా పడి వెనక జిగురు అలాగే ఉందంటే, అది ఏ ఉత్తరమూ మోయకుండా అచ్చు దగ్గరే ముద్ర వేయించుకున్న బిళ్ళ. పిల్లలకు బొమ్మలుగా ఇవ్వడానికి బాగుంటాయి, ఆస్తిగా లెక్కపెట్టుకోకూడదు. 1923 నాటి జర్మనీ బిళ్ళలది దీనికి తలకిందులు కథ. మార్కు విలువ కుప్పకూలిన ఆ ఏడాది 5,000 కోట్ల మార్కుల స్టాంపు దాకా వేశారు. అవి మిగిలిపోయిన షీట్లు బోలెడు, నిజంగా ఉత్తరం మీద వాడినవి తక్కువ. అందుకే ఆ కాలపు చాలా బిళ్ళలకు కొత్తదానికంటే వాడినదానికే ధర, దొంగముద్రలు కూడా వాటికే.

అమరికకు ఒక కేటలాగు పట్టుకోవాలి. బ్రిటన్‌లో స్టాన్లీ గిబ్బన్స్, అమెరికాలో స్కాట్, జర్మనీలో మిషెల్, ఫ్రాన్స్‌లో ఇవేర్ ఎ టెలియె. ఒకే స్టాంపుకు నాలుగింటిలో నాలుగు నంబర్లు ఉంటాయి, కనుక రెండింటిని కలపవద్దు. ఇండియా, పాత బ్రిటిష్ సామ్రాజ్యం ఎక్కువగా ఉన్న మన సేకరణలకు గిబ్బన్స్ అనుకూలం. గుర్తుపట్టడానికి పదేళ్ళ కిందటి పాత ప్రతి కూడా చాలు. ప్రపంచమంతా సేకరించాలన్న ఆశ మంచిదే గానీ, స్టాంపు రకాలు లక్షల్లో ఉన్నాయి. హద్దు గీసుకోనివాడి సేకరణ కవర్లలోనే ఉండిపోతుంది. 1840 నుంచి 1940 దాకా అని గానీ, దేశానికి ఒక పేజీ అని గానీ, పక్షులు, రైళ్ళు అని గానీ ఏదో ఒక హద్దు పెట్టుకోండి. మొదట్లో ఆల్బమ్ కొనకండి. బిళ్ళలను అటూ ఇటూ జరుపుకోగలిగిన స్టాక్ బుక్కే హాయి.

మన వాతావరణంలో అసలు శత్రువు తేమ. కోస్తాలో వానాకాలం వస్తే జిగురు అంటుకుంటుంది, కాగితం మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. స్టాక్ బుక్కులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా బీరువాలో నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేయాలి. మెత్తటి పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లు, సెల్లోటేపు వీటి దరికి రానివ్వకూడదు.

చివరగా ఒక విన్నపం. ఇంట్లో పాత ఉత్తరాల కట్ట ఉంటే స్టాంపు కోసం కవరును చించకండి. బెజవాడ, కోకనాడ, మసులీపటం, వైజాగపటం అని ఆనాటి స్పెల్లింగులతో పడిన తేదీముద్రలు ఆ కవరు మీదే ఉంటాయి. ఏ ఊరి నుంచి ఏ రోజు బయలుదేరి ఎప్పుడు చేరిందో ముందూ వెనకా ఉన్న ముద్రలు చెబుతాయి. చించితే అణా బిళ్ళ ఒకటి చేతికొస్తుంది, మిగతాదంతా పోతుంది. కవరును కవరుగానే దాచండి. అనుమానం ఉన్నవాటిని హైదరాబాద్ అబిడ్స్‌లోని జి.పి.ఓ. ఫిలాటెలిక్ బ్యూరోకి వచ్చే పాత సేకర్తలకు చూపించండి. అమ్మాలో వద్దో ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.