బెదరిన కుక్కను కాపాడుట యెట్లు?

సౌదీ అరేబియా రాజధానియగు రియాదు పట్టణములో మలాజ్ అను పేట యున్నది. అది 1950 తరువాతి దశాబ్దములో ప్రభుత్వోద్యోగుల నివాసమునకై కట్టబడినది. కరీంనగరము, నిజామాబాదు మొదలగు ప్రాంతములనుండి పొట్టకూటికై వెళ్లిన తెలుగువారనేకులు రియాదులో పనిచేయుచున్నారు. వేసవిలో అచ్చటి యెండ 45 డిగ్రీలకు మించుట కలదు. అట్టి యెండలో దిక్కులేని కుక్క నీడను వెదకుచు, నిలిపియుంచిన మోటారుబండ్ల క్రిందను, సగము కట్టిన యిండ్లలోను దూరును.

పనినుండి మరలుచున్న యిద్దరు కూలీలు అట్టి కుక్క నొకదానిని చూచిరనుకొందము. దాని వెనుకకాలు విరిగియున్నది. చిన్నవాడు జాలిచే చేయి చాపబోవును. పెద్దవాడు, "తమ్ముడా, ఆగుము. నీవు మేలుచేయ వచ్చితివని అది యెఱుగదు. నీ చేయి దానికి దెబ్బవలెనే తోచును" అని వారించును. ఈ మాటలోనే సంగతి యంతయు నిమిడియున్నది. నొప్పితో నున్న కుక్క తన్ను పెంచినవానినైనను కఱచును. అది దుర్మార్గము కాదు, భయము.

కావున మొదట చేయవలసినది తొందరపడకుండుటయే. కుక్కను తరుమరాదు, తరిమినచో అది వీధిలోనికి పరుగెత్తి బండ్ల క్రింద పడును. గుంపుకూడి కేకలు వేయరాదు. దాని కన్నులలోనికి తేరి చూడక, ప్రక్కకు తిరిగి, దూరముగా క్రింద కూర్చుండి, మెల్లగా మాటలాడవలెను. కొంచెము ఆహారమును, నీళ్లును దానివైపు జరిపి కాచుకొనవలెను. తోక ముడుచుట, చెవులు వెనుకకు వాల్చుట, పండ్లు చూపుట, గుఱ్ఱుమనుట మొదలగునవి "దగ్గఱకు రావద్దు" అని అది చెప్పు మాటలే.

అది శాంతించినను వట్టిచేతులతో పట్టరాదు. మందమైన దుప్పటి దానిపై మెల్లగా కప్పి, తలను కప్పియుంచి, పలకమీదనో బిగువుగా పట్టిన దుప్పటిమీదనో పరుండబెట్టి మోయవలెను. విరిగిన కాలిని సరిచేయ యత్నింపరాదు. ఎండదెబ్బ తగిలి రొప్పుచున్నచో నీడకు చేర్చి, ఒడలిపై చల్లని నీళ్లు పోసి విసరవలెను. రొప్పుచున్న దానికిని, వాంతి చేసికొనుచున్న దానికిని మూతి కట్టరాదు, ఊపిరాడక చచ్చును. పిమ్మట పశువైద్యునియొద్దకు చేర్చవలెను. సౌదీలో పర్యావరణ, జల, వ్యవసాయ మంత్రిత్వశాఖవారికి 939 అను నంబరునకు ఫోనుచేసి తెలుపవచ్చును.

అయితే చొంగ కార్చుచు, దవడ వ్రేలాడుచు, తూలుచు, ఎదుటబడిన దానినెల్ల కఱచుచున్న కుక్కను ముట్టనే కూడదు. పిల్లలను దూరముగా నుంచి అధికారులకు తెలుపవలెను. అది వెఱ్ఱికుక్క కావచ్చును. మనుష్యులకు వచ్చు వెఱ్ఱికుక్క రోగములో 100కి 99 పాళ్లు కుక్కలవలననే వచ్చునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. రోగచిహ్నములు కనబడిన పిమ్మట బ్రదుకుట మిక్కిలి యరుదు.

చిన్నవాడు తొందరపడి కాటుపడెననుకొందము. అతడు, "అన్నా, చిన్న గాటే గదా! ఇప్పుడు ఆసుపత్రికి పోయిన ఒక పూట కూలి పోవును. సెలవునాడు పోయెదను" అనవచ్చును. ఇట్టి మాటయే ప్రాణములు తీయును. గాయమును వెంటనే సబ్బుతోను, పారు నీళ్లతోను 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పెట్టరాదు. ఇకామాయు, ఇన్సూరెన్సు కార్డును తీసికొని ఆ దినమే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన దినములలో సూదులన్నియు వేయించుకొనవలెను. పూర్వము బొడ్డుచుట్టు పొడిచిన సూదులు ఇప్పుడు లేవు, భుజమునకు వేసెదరు.

ఈ మందు ఊరక రాలేదు. పాశ్చరు పండితుడు 1885లో వెఱ్ఱికుక్క కఱచిన బాలునికి మొదటిసారి టీకా వేసి బ్రదికించెను. దక్షిణదేశములో నీలగిరి తేయాకు తోటల నడుమనున్న కూనూరులో, అమెరికా దాతయగు హెన్రీ ఫిప్సు ఇచ్చిన ధనసాహాయ్యముతో, 1907లో పాశ్చరు వైద్యశాల వెలసెను. తోటల కూలీల కిది యెంత మేలో చెప్పనక్కఱలేదు.

మన తెలుగుదేశములోను ఈ పని జరుగుచున్నది. హైదరాబాదులో అక్కినేని అమల మొదలగువారు 1992లో బ్లూ క్రాసు సంఘమును స్థాపించిరి. విశాఖపట్టణములో 1996లో మఱియొక జంతుసంరక్షణ సంఘము పుట్టెను. ఇట్టి సంఘములు గాయపడిన కుక్కలకు చికిత్స చేయుటయే గాక, సంతానము కలుగకుండ శస్త్రము చేసి, వెఱ్ఱిరోగపు టీకాలు వేయించుచున్నవి. టీకా పొందిన కుక్క వీధిలోని బిడ్డలకును రక్షయే.

దప్పిగొన్న కుక్కకు తన పాదరక్షతో బావినీరు తోడి త్రాగించినవాని పాపములు క్షమింపబడెనని అరబ్బుల హదీసులలో చెప్పబడియున్నది. కావున మలాజ్ వీధిలో కుక్కకు నీళ్లుపెట్టు తెలుగువాడు ఆ దేశమునకు క్రొత్త పని చేయుట లేదు. నీటిగిన్నెను ముందుగా దూరమునుండి జరుపుడు. చేయి చాపుటకు తొందరపడకుడు. దయతోకూడ జాగ్రత్తయు నున్నప్పుడే కుక్కయు బ్రదుకును, ఇంటివద్ద ఎదురుచూచు ఆలుబిడ్డలకు మనుష్యుడును దక్కును.