డోనట్ కొట్టు వెనక లెక్క

కాలిఫోర్నియాలో ఏ చిన్న డోనట్ కొట్టుకు వెళ్లినా, నడిపేది కంబోడియా కుటుంబమే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. డోనట్ వాళ్ల వంటకం కాదు. మరి ఆ వ్యాపారం వాళ్ల చేతికి ఎలా వచ్చింది? ‘కష్టపడ్డారు, పైకొచ్చారు’ అనేది అందరికీ నచ్చే జవాబు. కాకపోతే కష్టపడీ పైకి రానివాళ్లే లోకంలో ఎక్కువ.

1975లో కంబోడియా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళాల వశమయ్యాక టెడ్ నోయ్ అనే ఆ దేశస్థుడు కుటుంబంతో సహా శరణార్థిగా కాలిఫోర్నియా చేరాడు. మొదట చర్చిలో ఊడ్చే పని చేశాడు. తర్వాత వించెల్స్ అనే డోనట్ సంస్థలో పని నేర్చుకుని, కూడబెట్టిన డబ్బుతో సొంత కొట్టు కొన్నాడు. ఒకటి పదులైంది. కొన్న కొట్లను కొత్తగా వచ్చిన శరణార్థులకు పని నేర్పి లీజుకిచ్చాడు. ఇది పుణ్యమే. నెలనెలా డబ్బు తెచ్చిపెట్టే పుణ్యం.

డోనట్టే ఎందుకంటే, దానికి భాష పెద్దగా అక్కర్లేదు. ఏ రకం, ఎన్ని, ఎంత అన్న మూడు ముక్కల ఇంగ్లీషుతో రోజు గడిచిపోతుంది. కావలసిందల్లా నిద్ర మానుకోవడం. అర్ధరాత్రి దాటాక లేచి పిండి కలపాలి, పొంగాక కోయాలి, కాగే నూనెలో వేసి రెండు పక్కలా తిప్పాలి, వేడి మీదే పంచదార పాకం పట్టించాలి. తెల్లారేసరికి అద్దాల అరలు నిండాలి. పిల్లలు బడికి పోయే ముందు గులాబీ రంగు అట్టపెట్టెలు మడిచేవారు. ఇప్పుడు కాలిఫోర్నియా డోనట్లకు గుర్తుగా నిలిచిన ఆ రంగును అందం కోసం ఎంచుకోలేదు. తెల్ల అట్టకంటే చౌక అని తీసుకున్నారు. ఇంటిల్లిపాదీ చేసే ఈ చాకిరీకి జీతం లెక్కగడితే చాలా కొట్లలో లాభం మిగలదు. అందుకే ఎవరూ లెక్కగట్టలేదు.

ఇక పెట్టుబడి. బ్యాంకు అప్పివ్వాలంటే అంతకుముందు అప్పు చేసి తీర్చిన చరిత్ర చూపాలి. నిన్న దిగినవాడికి ఆ అదృష్టం ఎక్కడిది? అప్పుడు ఆదుకున్నది ‘టోంటిన్’. అచ్చంగా మన చీటీ పాటే. నెలనెలా అందరూ వేస్తారు, పాట పాడినవాడు ఎత్తుకుంటాడు. హామీపత్రం ఉండదు. ఎగ్గొడితే మర్నాటి నుంచి పలకరించేవాడూ ఉండడు.

ఈ ఏర్పాటు ఎంత గట్టిదో నోయ్ పతనమే చూపించింది. లాస్ వెగాస్ జూదంలో ఆయన కొట్లు, ఇల్లు, పేరు అన్నీ పోగొట్టుకున్నాడు. ‘డోనట్ రాజు’గా పేరుపడ్డ ఆయన దివాలా తీసినా డోనట్లు ఆగలేదు. పని నేర్చినవాళ్లు మరొకరికి నేర్పారు, చీటీలు నడిచాయి, కొట్లు తెరుచుకున్నాయి.

వలస విజయగాథల్లో బొమ్మ వేసేది మాత్రం ఒక్కడిదే. పత్రిక ముఖచిత్రం మీద చీటీ సభ్యులందరూ పట్టరు కదా. పరాయి దేశంలో వ్యాపారం పెట్టదలచినవాళ్లు ఆ ఒక్కడి ధైర్యం గురించి చదివే ముందు, అక్కడ తమకు పని నేర్పేదెవరో, చేబదులిచ్చేదెవరో కనుక్కోవడం మేలు.